స్కార్ఫ్ కట్టిన పిల్లలకు పని అప్పగిద్దాం

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్లు చూసే పనిని పద్నాలుగేళ్ల అమ్మాయికి అప్పగించారు. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆ అమ్మాయి ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొనిచ్చిన తర్వాతే ఆయన లోపలికి వెళ్లగలిగారు. నెహ్రూ కోప్పడలేదు సరికదా, ఆ పిల్ల నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. ఆమే తర్వాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు అయిన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

దుర్గాబాయి అప్పుడు కాంగ్రెస్ వాలంటీరు. స్కౌట్ ఉద్యమంతో ఆ సంఘటనకు సంబంధం లేదు. అయినా పిల్లల చేత సమాజ సేవ చేయించడం గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది అదే. పెద్దలు ఆమెకు ఒక పని ఇచ్చారు, దాని హద్దులు చెప్పారు, ఆ హద్దుల్లో నిర్ణయం ఆమెకే వదిలారు. ఆమె లేకపోతే ఆ ద్వారం దగ్గర పని ఆగిపోయేది. ఇవాళ మన బడుల్లో స్కార్ఫ్ కట్టుకుని తిరిగే పిల్లల్లో ఎంతమందికి అలాంటి పని దొరుకుతోంది? అతిథి వచ్చే దారిలో పూలు పట్టుకుని ఎండలో నిలబడటం, ర్యాలీలో ప్లకార్డు మోయడం, పొద్దున్నే ఊడ్చేసిన వీధిలో మళ్లీ చీపుర్లు పట్టుకుని ఫొటో దిగడం ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి జరగకపోయినా ఊరికి లోటు ఉండదు. ఆ సంగతి పెద్దలకంటే ముందు పిల్లలకే తెలిసిపోతుంది. రెండు మూడుసార్లు అలా నిలబడ్డాక, సేవ అంటే ఇంతేనన్న అభిప్రాయం వారిలో స్థిరపడుతుంది. మన స్కౌట్ దళాల సేవా కార్యక్రమాల్లో నేను చూస్తున్న అసలు లోపం ఇదే. డబ్బు లేకపోవడం, సమయం చాలకపోవడం దీని తర్వాతే.

స్కౌట్ ఉద్యమం పుట్టుకే పిల్లలను నమ్మడంలో ఉంది. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతున్నప్పుడు 1899, 1900 సంవత్సరాల్లో మఫెకింగ్ పట్టణాన్ని బోయర్లు 217 రోజులు ముట్టడించారు. లోపల ఉన్న కుర్రాళ్లను ఒక దళంగా చేర్చి, ఉత్తరాలూ కబుర్లూ చేరవేసే పనులు ఇచ్చారు. నమ్మి అప్పగిస్తే పిల్లలు ఎంత బాధ్యతగా ఉంటారో అక్కడి బ్రిటిష్ సేనాధిపతి బేడెన్ పావెల్ కళ్లారా చూశారు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది అబ్బాయిలతో ఆయన తొలి స్కౌట్ శిబిరం పెట్టినప్పుడు, డబ్బున్న ఇళ్ల పిల్లలనూ శ్రామికుల పిల్లలనూ కలిపి నాలుగు చిన్న దళాలుగా విడదీశారు. ఒక్కో దళానికి ఒక కుర్రాడినే నాయకుడిగా పెట్టారు. ఆ చిన్న దళాన్నే ఇప్పటికీ పెట్రోల్ అంటున్నారు.

మన దేశానికి స్కౌటింగ్ 1909లో వచ్చింది. అది మొదట్లో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే పరిమితం. భారతీయ బాలలకు ఆ తలుపు మూసి ఉండటం సహించలేక, 1916లో మద్రాసులో అనీబిసెంట్, జార్జ్ అరండేల్ కలిసి విడిగా భారతీయ స్కౌట్ సంఘాన్ని స్థాపించారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్ సంఘాన్ని నడిపారు. ఈ రెండో సంఘం పేరులోనే సేవ ఉంది. మేళాలకు వచ్చే యాత్రికుల బాగోగులు చూడటం ఆ సమితికి ముఖ్యమైన పని. స్వాతంత్ర్యం వచ్చాక ఈ పాయలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మరుసటి ఏడాది అమ్మాయిల సంస్థ గర్ల్ గైడ్స్ కూడా వచ్చి చేరింది. ఆ కొత్త సంస్థ తన తొలి జాతీయ జాంబోరీని 1953లో మన హైదరాబాద్‌లోనే జరుపుకుంది. అంటే సేవ మన దేశంలో ఈ ఉద్యమానికి తర్వాత తగిలించిన అలంకారం కాదు. సేవ వల్లే ఈ ఉద్యమం మనదైంది.

మరి ఒక బడిలోని ట్రూప్, అంటే కొన్ని పెట్రోళ్లు కలిసిన దళం, నిజమైన సేవా పనిని ఎలా తలకెత్తుకోవాలి? చలివేంద్రాన్నే తీసుకుందాం. మార్చి వస్తే మన ఊళ్లలో ప్రతి కూడలిలోనూ ఒకటి వెలుస్తుంది. రిబ్బన్ కత్తిరిస్తారు, మజ్జిగ పంచుతారు, ఫ్లెక్సీ కడతారు. మూడో వారానికల్లా కుండలు ఎండిపోతాయి, ఫ్లెక్సీ మాత్రం మిగులుతుంది. ఎవరికీ సేవాభావం లేక ఇలా జరగదు. మధ్యాహ్నం రెండు గంటలకు కుండ నింపే మనిషి ఎవరో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల జరుగుతుంది.

స్కౌట్ పద్ధతి సరిగ్గా ఇక్కడే అక్కరకొస్తుంది. ఒక పెట్రోల్‌లో ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఉంటారు. ముందు వాళ్లు చేయాల్సింది చూడటం. బస్టాండు దగ్గరా, ప్రభుత్వాసుపత్రి దగ్గరా, కూలీల అడ్డా దగ్గరా ఏ వేళలో ఎంతమంది నిలబడుతున్నారు, వాళ్లు ఇప్పుడు నీళ్లు ఎక్కడ తాగుతున్నారు, కొనుక్కుంటున్నారా అన్నది నాలుగైదు రోజులు నోటు పుస్తకంలో రాసుకోవాలి. పెద్దలు ఎప్పుడూ పెట్టే కూడలిలో కాకుండా, ఆసుపత్రి వెనుక గేటు దగ్గరే అవసరం ఎక్కువని తేలవచ్చు. అలా తేలినప్పుడు ఆ నిర్ణయాన్ని గౌరవించాలి. ప్రముఖులకు కనిపించే చోటుకు దాన్ని జరపకూడదు.

ఆ తర్వాత పెట్రోల్ లీడర్లు తమ సమావేశంలో కూర్చుంటారు. దాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. స్కౌట్ మాస్టరు అందులో సలహా చెప్పే పెద్ద మాత్రమే. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, పంచాయతీ కుళాయా లేక ఎవరి ఇంటి బోరా, కుండలు ఎవరిస్తారు, రోజూ కడిగేదెవరు, లోటా ముంచకుండా నీళ్లు తీయడానికి కాడ గరిటె ఉందా లేక కుళాయి ఉన్న కుండ కొనాలా, క్లోరిన్ మాత్రలు ఆరోగ్య కేంద్రంలో అడగాలా అన్నవన్నీ అక్కడ తేలాలి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు ఉంటాయి కాబట్టి పిల్లలకు మధ్యాహ్నాలు ఖాళీయే. కానీ అవే మండే గంటలు. పిల్లల వంతు పొద్దున బడికి ముందూ, సాయంత్రం ఎండ తగ్గాకా ఉండాలి. నడి ఎండ వేళ కుండను కనిపెట్టుకోవడానికి పక్క కొట్టు యజమానినో ఆటో స్టాండు వాళ్లనో ఒప్పించాలి. ఆ ఒప్పించడం కూడా పిల్లలే చేయాలి. పన్నెండేళ్ల పిల్ల కొట్టు ముందు నిలబడి, తన పనేమిటో చెప్పి, ఒక పెద్దాయన చేత సరేననిపించుకు వచ్చిందంటే, ఆ పూట ఆమె నేర్చుకున్నది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

ఏ కుండ ఏ గంటకు ఖాళీ అయిందో లాగ్ బుక్‌లో రాస్తే, వచ్చే ఏడాది ఎన్ని కుండలు కావాలో ముందే తెలుస్తుంది. ఇలాంటి లెక్కే రైల్వే స్టేషన్లలోనూ కావాలి. దక్షిణ మధ్య రైల్వేతో సహా రైల్వేలకు విడిగా స్కౌట్ సంఘాలున్నాయి. వేసవిలో స్టేషన్లలో ప్రయాణికులకు మంచినీళ్లు అందించడం రైల్వే స్కౌట్లకు చాలాకాలంగా ఉన్న అలవాటు. చాలా చోట్ల రైలు ఆగేది రెండు నిమిషాలే. జనరల్ బోగీలు రైలుకు ఏ కొసన వస్తాయో తెలియకపోతే ఆ రెండు నిమిషాలూ పరుగులోనే పోతాయి. సేవ నిలబడేది ఇలాంటి చిన్న లెక్కల మీదే.

పిల్లలు పెద్దల కార్యక్రమానికి చేతులు అరువివ్వడం వేరు, తమ పనికి తామే బాధ్యులు కావడం వేరు. ఈ తేడాను అమెరికా స్కౌటింగ్ నియమాల్లోనే రాసి పెట్టింది. అక్కడి అత్యున్నత హోదా ఈగిల్ స్కౌట్. దానికి 21 మెరిట్ బ్యాడ్జీలు సంపాదించడంతో పాటు, పద్దెనిమిదేళ్లు నిండేలోపు ఒక సేవా పనిని సొంతంగా ఆలోచించి, ప్రణాళిక రాసి, ఇతరులను నడిపించి పూర్తి చేయాలి. 1965 నుంచి ఈ నిబంధన ఉంది. పని మొదలుపెట్టకముందే లబ్ధి పొందే బడో గుడో గ్రంథాలయమో దాన్ని ఒప్పుకుని సంతకం చేయాలి. ట్రూప్ పెద్దలూ, స్థానిక స్కౌట్ మండలీ కూడా సంతకం చేయాలి. వ్యాపార సంస్థకు లాభం చేకూర్చే పని పనికిరాదు. కేవలం చందాలు పోగుచేసి ఇచ్చేస్తే కుదరదు. ఎన్ని గంటలు చేశావన్న కనీస లెక్క లేదు. నాయకత్వం వహించావా లేదా అన్నదే చూస్తారు.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ మెట్టు ఎక్కుతున్నారు. ఇది సంతోషించాల్సిన విషయం. ఆ తల్లిదండ్రులకు ఒక విన్నపం. కాలేజీ దరఖాస్తులో ఒక వరుస బరువుగా కనిపించాలన్న ఆత్రంతో అమ్మానాన్నలే ప్రణాళిక రాసి, నాన్న స్నేహితులే బెంచీలకు మేకులు కొడితే, పిల్లవాడికి దక్కేది పతకం మాత్రమే. ఆ పని వాడి చేతుల్లోనే తడబడనివ్వాలి. పలకలు పొట్టిగా కోసుకుని మళ్లీ కొనాల్సి వచ్చినా ఫర్వాలేదు.

ఇక పని గురించి నలుగురికీ చెప్పడం. మన దగ్గర ప్రచారం అనగానే పని అయిపోయాక పత్రికకు ఫొటో పంపడమే గుర్తొస్తుంది. అసలు ప్రచారం పనికి ముందు జరగాలి. అమెరికా స్కౌట్ల ఆహార సేకరణ దీనికి చక్కని నమూనా. 1985లో సెయింట్ లూయిస్ నగరంలో మొదలై 1988 నాటికి దేశమంతటికీ పాకింది. ఒక శనివారం పిల్లలు తమ పేటలో ఇంటింటి తలుపుకూ సంచో చీటీయో తగిలించి వస్తారు. పాడవని ఆహార పదార్థాలు ఇందులో పెట్టి, ఫలానా రోజు ఉదయానికల్లా గుమ్మం ముందు ఉంచండి, ఇవి మన ఊళ్లోని ఆహార నిధికే వెళ్తాయి అని దానిమీద ఉంటుంది. తర్వాతి శనివారం అవే వీధుల్లో తిరిగి సేకరిస్తారు. ఉపన్యాసం లేదు, బ్యానరు లేదు. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరికి చేరుతుంది అన్నది చదివినవాడికి అర నిమిషంలో తెలిసిపోతుంది. బ్రిటన్ స్కౌట్లు 1949లో మొదలుపెట్టిన ‘బాబ్ ఎ జాబ్’ వారంలోనూ ఇలాంటి తెలివి ఉంది. పిల్లలు ఇంటింటికీ వెళ్లి తోట పనో, బూట్లు తుడిచే పనో చేసి ఒక షిల్లింగు సంపాదించి సంస్థకు ఇచ్చేవారు. పని పూర్తయిన ఇంటి కిటికీకి ఒక గుర్తు అతికించేవారు, మరో జట్టు వచ్చి మళ్లీ తలుపు తట్టకుండా.

మన ఊళ్లకు మన దారులున్నాయి. పల్లెలో దండోరా ఇంకా పూర్తిగా పోలేదు. గుడి మైకు ఉంది, మసీదు మైకు ఉంది, చర్చిలో ఆదివారం ప్రకటనలు ఉన్నాయి, చెత్త సేకరించే ఆటోకు స్పీకరు ఉంది. వీధి వాట్సాప్ గ్రూపులు ఎలాగూ ఉన్నాయి. అయితే వీటన్నిటికంటే బలమైనది, స్కార్ఫ్ కట్టుకున్న ఇద్దరు పిల్లలు గడప దగ్గర నిలబడి, అమ్మా, మీ ఇంట్లో వాడని దుప్పట్లు ఉంటే ఆదివారం పొద్దున వచ్చి తీసుకుంటాం అని చెప్పడం. ఆదివారం చెప్పిన వేళకు వచ్చి తీసుకెళ్లడం. నెల తర్వాత మళ్లీ అదే గడపకు వెళ్లి, మీరిచ్చినవాటితో కలిపి ఇన్ని దుప్పట్లు ఫలానా వసతిగృహానికి చేరాయని చెప్పి రావడం. ఈ మూడో రాకను మనవాళ్లు దాదాపు ఎప్పుడూ చేయరు. ఊరి నమ్మకం నిలిచేది దానివల్లే. రెండో ఏడాది ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు.

ఫొటోల గురించి ఒక్క మాట. దుప్పటి అందుకునే ముసలమ్మ ముఖం పత్రికలో రావాల్సిన అవసరం లేదు. సాయం పొందడం ఎవరి జీవితంలోనైనా సున్నితమైన క్షణం. దాన్ని బొమ్మ తీసి పంచడం పిల్లలకు నేర్పకూడని విద్య. పని చేస్తున్న చేతులను తీయండి, కుట్టిన సంచులను తీయండి, రాసిన లెక్కల పేజీని తీయండి.

మొక్కలు నాటే కార్యక్రమాల్లో మరో రకం పొరపాటు కనిపిస్తుంది. కె.ఎం. మున్షీ 1950లో వనమహోత్సవం ప్రారంభించినప్పటి నుంచి జూలై వస్తే బడి పిల్లల చేతుల్లో మొక్కలు కనిపిస్తున్నాయి. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారంతో అది మరింత పెరిగింది. నాటడం వర్షాకాలంలో, పిల్లలంతా బడిలో ఉన్నప్పుడు జరుగుతుంది. ఆ మొక్కకు నీళ్లు తప్పనిసరి అయ్యేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే బడికి సెలవులు. మొక్క చచ్చిపోయేది పిల్లల అశ్రద్ధ వల్ల కాదు, మన క్యాలెండరు వల్ల. అందుకే ట్రూప్ వంద మొక్కలు నాటడం కంటే, సెలవుల్లో ఊళ్లోనే ఉండే పిల్లల పేర్లు ముందు రాసుకుని, వాళ్ల ఇళ్లకు దగ్గరగా, వాళ్లు సాకగలిగినన్ని నాటడం మేలు. అమ్మమ్మ ఊరికి వెళ్లే పిల్లవాడు తన మొక్కను ఎవరికి అప్పజెప్పాడో లాగ్ బుక్‌లో ఉండాలి.

అప్పగించడం అంటే వదిలేయడం కాదన్నది కూడా అంతే గట్టిగా చెప్పాలి. అమెరికా స్కౌట్ సంస్థ లైంగిక వేధింపుల కేసుల వల్ల 2020లో దివాలా రక్షణ కోరింది. ఆ తర్వాత 82 వేల మందికి పైగా బాధితులు ముందుకొచ్చారు. పరిహార నిధి సుమారు 246 కోట్ల డాలర్లకు చేరింది. దశాబ్దాల మౌనానికి చెల్లించిన మూల్యం అది. ఏ పిల్లవాడితోనూ ఒక పెద్ద మనిషి ఒంటరిగా ఉండకూడదు, శిబిరమైనా ప్రయాణమైనా కనీసం ఇద్దరు పెద్దలుండాలి అన్న నియమం అక్కడ ఇప్పుడు రాజీ లేనిది. మన దగ్గర పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. సేవా పని ప్రణాళిక రాసే కాగితం మీదే, వెంట ఉండే ఇద్దరు పెద్దల పేర్లకు గడి ఉండాలి. అమ్మాయిలు ఉంటే, వారి దళాన్ని నడిపే గైడ్ కెప్టెన్ ఉండాలి. తల్లిదండ్రుల అంగీకారం, ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరి ఆసుపత్రి నంబరు కూడా ఆ కాగితంలో భాగమే.

ఇవన్నీ మోయాల్సింది స్కౌట్ మాస్టరు. మామూలుగా ఆయన లెక్కల మాస్టరో పీఈటీయో అయి ఉంటారు. ఆరు పీరియడ్లు చెప్పి, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసి, యాప్‌లో ఫొటోలు ఎక్కించి, ఆ తర్వాత మిగిలిన ఓపికతో ట్రూప్ నడపాలి. ఆ పనికి వారానికి రెండు పీరియడ్లు టైం టేబుల్లో చూపించడం విద్యాశాఖకు భారం కాదు. స్కౌట్ మెట్లలో తృతీయ సోపాన్ నుంచి రాజ్య పురస్కార్‌కూ, అక్కడి నుంచి రాష్ట్రపతి పురస్కారానికీ వెళ్లే పిల్లలను పరీక్షించేటప్పుడు, వారు చేసిన సేవ గురించి వారి చేతిరాతలో ఉన్న లాగ్ బుక్కే అడగాలి. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్ కోటా ఉంది. మంచిదే. కానీ సర్టిఫికెట్ విలువ పెరిగేకొద్దీ దాని వెనుక పని ఉందో లేదో చూసే కళ్లు కూడా పెరగాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, కొవ్వూరు, రాజమహేంద్రవరం ఘాట్ల దగ్గర స్కౌట్లను, గైడ్లను పెద్ద సంఖ్యలో దించుతారన్నది అనుభవం చెప్పే మాట. గత పుష్కరాల్లో, 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటలో 25 మందికి పైగా చనిపోయారు. జనాన్ని అదుపు చేసే తాళ్ల దగ్గర, ఘాట్ మెట్ల మీద మైనర్ పిల్లలను నిలబెట్టకూడదని ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వాలి. అది పోలీసుల పని. స్కౌట్లలో, గైడ్లలో పెద్ద వయసువారైన రోవర్లు, రేంజర్లలో పద్దెనిమిదేళ్లు దాటినవారు తగిన శిక్షణతో వారికి తోడుండవచ్చు. చిన్నవాళ్లకు సరిపోయే పనులు బోలెడున్నాయి. బస్సు దిగిన చోట చంటిపిల్లల చేతికి తల్లిదండ్రుల ఫోన్ నంబరు పట్టీ కట్టడం, తప్పిపోయిన వృద్ధులను కూర్చోబెట్టి వివరాలు రాసుకోవడం, తాగునీరు, మరుగుదొడ్లు ఎటున్నాయో చెప్పే కేంద్రాలు నడపడం. కన్నడం, మరాఠీ, హిందీ, ఒడియా వచ్చిన పిల్లలు ఎక్కడ అవసరమో ముందే గుర్తించవచ్చు.

ఆ ఊళ్ల ట్రూపులకు ఈ కేంద్రాలను పేరుపేరునా ఇప్పుడే కేటాయించాలి. పెట్రోల్ లీడర్లను తీసుకెళ్లి ఆ స్థలాలు చూపించాలి. బల్ల ఎక్కడ వేయాలి, నీడ ఎటు పడుతుంది, తప్పిపోయిన బిడ్డను ఏ దారిన పోలీసు అవుట్‌పోస్టుకు చేర్చాలి అన్నది వాళ్లనే గీసి ఇమ్మనాలి. జిల్లా కలెక్టర్ల పుష్కర ప్రణాళికలో ఆ పిల్లలు గీసిన పటాలకు కూడా ఒక పేజీ ఉండాలి.